పేట ఓటు ఎక్కడికీ పోదా?

ఎన్నికల రోజుల్లో నర్సీపట్నం బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడతాది. "ఆ పేట ఓట్లు మనయ్యే. ఎక్కడికీ పోవు. అక్కడ టైము దండగ, పక్క ఊరికి పదండి." ఇది ఒక పార్టీ వాడి మాట. రెండో పార్టీ వాడు ఇదే మాట తిరగేసి అంటాడు. "ఆ పేట ఓట్లు మనకి పడవు. అక్కడ టైము దండగ." మిగతా అన్నిటికీ కొట్టుకు చచ్చే ఈ ఇద్దరూ కలిసి తేల్చింది ఒకటే. పేటకి రానక్కర్లేదు. మనల్ని అడగక్కర్లేదు. మనం అడిగితే జవాబు చెప్పక్కర్లేదు.

పైగా మనకొక బిరుదు తగిలించారు. "నమ్మకమైన ఓటర్లు" అంట. ఈ మాట మనకి కొత్తదా అన్నలారా? మన తాతలు కామందుల కింద కంబారితనం చేసినప్పుడూ వాళ్లని "నమ్మకమైన మనిషి" అనే మెచ్చుకున్నారు. ఆ మెప్పుకి కళ్లంలో కొలిచిన గింజలెన్నో మన అవ్వల్ని అడగండి, చెప్తారు.

తరతరాలుగా ఒకే పార్టీకి వేసే వాళ్లు మారతారా, మారరా? ఇదీ ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తాను. మారతారు. మనమూ మారాం, ఒకసారి కాదు, చాలాసార్లు. కానీ మారినప్పుడల్లా కామందుని మార్చినట్టే మారాం. పాత లెక్క తేల్చుకోలేదు, కొత్త షరతు పెట్టలేదు. మన నష్టమంతా అక్కడే ఉంది.

కాడెద్దుల నుంచి ఫ్యాను దాకా

మన పెద్దల్లో కాడెద్దుల గుర్తు మీద ముద్ర వేసినవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. 1969లో కాంగ్రెస్ చీలింది. 1971లో ఇందిరాగాంధీ ఆవు-దూడ గుర్తుతో వచ్చింది. మనవాళ్లు ఆవు-దూడకి వేశారు. 1978లో మళ్లీ చీలిక, ఈసారి హస్తం. ఆంధ్రప్రదేశ్‌లో 294 సీట్లకి 175 హస్తానికే వచ్చాయి. మూడు గుర్తులు మారినా "మేం పార్టీ మార్లేదు" అనే అన్నారు పెద్దలు. వాళ్ల లెక్కలో అది నిజమే. వాళ్లు వేసింది గుర్తుకి కాదు, ఇందిరమ్మకి. 1977లో ఉత్తరాది అంతా ఆమెని ఓడించినా, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి.

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరిలో గెలిచి కూర్చుంది. నర్సీపట్నంలో అయ్యన్నపాత్రుడు మొదటిసారి గెలిచింది ఆ ఎన్నికల్లోనే. కిలో రెండు రూపాయల బియ్యం మాట విని మన పేటల్లోంచీ సైకిల్ ఎక్కినవాళ్లున్నారు. ఎక్కి రెండున్నరేళ్లు తిరిగేసరికి, 1985 జూలై 17న కారంచేడు. ఆరుగురు మాదిగలు హతం. ఆ నెత్తుటి మీదే దళిత మహాసభ లేచింది. సరే, మళ్లీ హస్తం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. ఏ గుర్తు గద్దె మీదున్నా కత్తి మన మెడ మీదే ఉంది.

1994లో ఏనుగు వచ్చింది. కాన్షీరాం గారు రాష్ట్రమంతా తిరిగారు. తీరా పెట్టెలు విప్పితే ఒక్క సీటూ లేదు. తెలుగుదేశానికి 216. మనవాళ్లకి ఏనుగు మీద ప్రేమ లేక కాదు. "గెలవనోడికి ఏస్తే ఓటు మురిగిపోద్ది" అన్న భయం. ఈ భయాన్ని తిట్టి లాభం లేదు. ఎవరికి ఎక్కువ పడితే వాడే గెలిచే పద్ధతిలో ఆ భయానికి కారణం ఉంది.

ఆ తర్వాత ఫ్యాను. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి పోయాడు, 2011లో కొడుకు పార్టీ పెట్టాడు. మన పక్క పాయకరావుపేట రిజర్వుడు సీటులో 2009లో హస్తం మీద గెలిచిన మనిషే 2012 ఉపఎన్నికలో ఫ్యాను మీద గెలిచాడు. అంటే ఓటర్లు మారినట్టా, మారనట్టా? ఇల్లు పాతదే, తలుపు కొత్తది. మన పెద్దలు ఆవు-దూడ నుంచి హస్తానికి నడిచిన నడకే ఇదీ.

ఆ ఉపఎన్నిక తేదీ గుర్తు పెట్టుకోండి. 2012 జూన్ 12. పాయకరావుపేటలో జనం వరసలో నిలబడిన ఆ రోజే, శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో ఐదుగురు మాలల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకున్న భూమిలో మిగిలిన చెక్క దున్నుకోవడమే వాళ్ల నేరం. ఒకచోట మన వేలికి సిరా, ఒకచోట మన ఒంటికి నెత్తురు. ఒకటే రోజు.

అంకెలు ఏం చెప్తున్నాయి?

2019లో రాష్ట్రంలో 29 ఎస్సీ రిజర్వుడు సీట్లకి 27 ఫ్యానుకి వచ్చాయి. 2024లో రెండు. బద్వేలు, యర్రగొండపాలెం. ఇది చూపించి "దళితులంతా తిరగబడ్డారు" అనేవాళ్లున్నారు. తొందరపడకండి. రిజర్వుడు సీటు అంటే అభ్యర్థి మనవాడు, ఓటర్లు మాత్రం అందరూ. బాబాసాహెబ్ సాధించిన వేరు నియోజకవర్గాలు 1932 పూనా ఒప్పందంలో పోయాయి. అప్పట్నుంచి మన సీటులో గెలుపోటములు మన పేట ఒక్కటే తేల్చదు. ఓటింగ్ మిషన్‌కి కులం తెలీదు.

ఇంకో అంకె చూడండి. 2019లో ఫ్యానుకి నూటికి 50 ఓట్లు. 2024లో నూటికి 39. సీట్లేమో 151 నుంచి 11కి పడ్డాయి. ఓట్ల లెక్కన చూస్తే, ఐదింట నాలుగు వంతులు దాదాపు అలాగే నిలబడ్డాయి. ఒక వంతు జారింది, సర్కారు కూలింది. నమ్మకమైన ఓటర్లలో ఎక్కువమంది కదలరు. కదిలే కొద్దిమందే రాజ్యాన్ని మారుస్తారు. అందుకే నాయకుల చూపంతా ఆ కొద్దిమంది మీదే.

మన చుట్టుపక్కల చూసినా ఇదే. ఘాటీ ఎక్కితే చింతపల్లి, అది పాడేరు నియోజకవర్గం. 2014లో అక్కడ ఫ్యాను మీద గెలిచిన ఎమ్మెల్యే 2017లో సైకిల్ ఎక్కింది. 2019లో ఓడింది, 2024లోనూ ఓడింది. నాయకురాలు మారింది, గిరిజనులు మారలేదు. కింద మన నర్సీపట్నం చూడండి. 2009లో హస్తం, 2014లో సైకిల్, 2019లో ఫ్యాను, 2024లో మళ్లీ సైకిల్. ప్రతిసారీ మార్చాం. అయ్యన్నపాత్రుడు ఓడాడు, గెలిచాడు, 2024 జూన్‌లో స్పీకరూ అయ్యాడు. మారిన నర్సీపట్నంలో, మారని పాడేరులో, పేట గోడు ఎంత తీరింది? మారడమే మందు అనుకుంటే మనకి ఈపాటికి జబ్బు నయమై ఉండాలి కదా.

దొరల దేశంలోనూ ఇదే కథ

మనల్ని ఏలిన ఇంగ్లండులో కూడా తాతల నాటి ఓట్లున్నాయి. అక్కడ బొగ్గుగని కూలీలది లేబర్ పార్టీ. తాత లేబర్, తండ్రి లేబర్, కొడుకు లేబర్. బోల్సోవర్ అనే గనుల నియోజకవర్గంలో 1950 నుంచి లేబరే. స్వయంగా గనిలో పనిచేసిన డెన్నిస్ స్కిన్నర్ 1970 నుంచి 49 ఏళ్లు అక్కడ ఎంపీ. "ఇక్కడ ఓట్లు ఎక్కడికీ పోవు" అని అక్కడా అనుకున్నారు. 2019 డిసెంబరులో ఆ సీటు దొరల పార్టీకి, అంటే కన్సర్వేటివ్‌లకి పోయింది. స్కాట్లండులో అయితే 2015లో ఒక్క దెబ్బకి లేబర్ సీట్లు 41 నుంచి 1కి పడ్డాయి.

ఎందుకు పోయింది? యూరప్ నుంచి విడిపోవడం అన్న తగువు ఒక కారణం. అసలు కారణం ఇంకా పాతది. గనులు మూతపడ్డాయి. గనితో పాటు యూనియన్ పోయింది, కూలీలు సాయంత్రం కూర్చుని మాట్లాడుకునే చోటు పోయింది. ఓటుని పట్టి ఉంచిన ముడి ఊడిపోయింది. పార్టీ మాత్రం "మనవాళ్లే కదా" అని నిద్రపోయింది. చెట్టు లోపల ఏనాడో పుచ్చింది, గాలికి ఒక్కరోజు పడింది.

2024లో దొరల పార్టీకి అదే జరిగింది. నూటికి 44 ఓట్లు 24కి పడ్డాయి. లేబర్‌కి కొత్తగా పెరిగింది నూటికి రెండే. 32 నుంచి 34. అయినా 650లో 411 సీట్లు వచ్చాయి. బోల్సోవర్ తిరిగి లేబర్‌కి వచ్చింది. చూశారా, గెలిచినవాడి మీద ప్రేమ పెరిగి కాదు, ఓడినవాడి సొంత మనుషులు ఇల్లు ఖాళీ చేయబట్టి. ఏ దేశంలోనైనా ఇంతే. సొంతవాళ్లని అలుసు చేస్తే ఇల్లు ఖాళీ అవుద్ది.

అవ్వ మాటలో నిజం

ఇది చెప్తే మా పేటలో ఒక అవ్వ నన్ను గట్టిగా అడిగింది. "ఆడు పింఛనిచ్చినాడు బాబూ. ఆడికి ఎయ్యకుండా ఎవుడికి ఎయ్యమంతావు? నువ్విత్తావేటి?"

అవ్వ మాట తప్పు కాదు. ఆకలికి కృతజ్ఞత ఉంటాది. కానీ ఆ పింఛను కథే చూడండి. 2014 దాకా 200. ఆ ఎన్నికయ్యాక వెయ్యి. 2019 ఎన్నికల ముందు రెండు వేలు. 2024 ఎన్నికల ముందు మూడు వేలు, ఎన్నికయ్యాక నాలుగు వేలు. ప్రతి పెద్ద పెంపూ ఎన్నిక పక్కనే నిలబడి ఉంది! ఎవరి దయా కాదది. అవ్వ ఓటు పోతుందేమోనని ఒకడికి భయం, వస్తుందేమోనని ఇంకొకడికి ఆశ. కదలగలిగిన ఓటే పింఛను పెంచింది.

మరి శ్మశానానికి దారి ఎందుకు పెరగలేదు? డీ-పట్టా భూమి ఎవరి సాగులో ఉందో ఎందుకు తేలలేదు? చుండూరు కేసులో శిక్ష పడ్డవాళ్లందర్నీ హైకోర్టు వదిలేసింది 2014 ఏప్రిల్‌లో, సరిగ్గా ఎన్నికల ముంగిట. ఆ నెలలో మీ ఊరొచ్చిన ఏ మైకులోనైనా చుండూరు మాట విన్నారా? వాటి మీద మన ఓటు కదుల్తుందని ఎవడికీ భయం లేదు. పింఛను మీద లబ్ధిదారులుగా ఓటేశాం, దిగొచ్చారు. హక్కుదారులుగా ఇంకా ఓటెయ్యలేదు.

మన నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారిని మర్చిపోయామా? దళిత బిడ్డ. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, మాస్కులు లేవని అడిగారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖపట్నం నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆయన పోయారు. ఫ్యానుకి వేసిన మనలో చాలామంది ఆ రోజు గొంతు తగ్గించాం. "మన ప్రభుత్వం" కదా! నేనూ తగ్గించాను, ఒప్పుకుంటున్నాను. సైకిల్ వాళ్లు గొంతు పెంచారు, కారంచేడు నాడు గద్దె మీద ఎవరున్నారో మర్చిపోయి. పార్టీ మీద నమ్మకం మన మనిషి మీద ప్రేమని మింగేసిన రోజది.

ముందు కాగితం, తర్వాత గుర్తు

కార్యకర్తలకి నా మాట ఒకటే. "ఈ పార్టీని వదలండి, ఆ పార్టీకి వెయ్యండి" అని పేటల్లో చెప్పకండి. ఎన్నికలకి ఆరు నెలల ముందు ప్రతి పేటలో కూర్చోండి, ఆడవాళ్లు ముందు వరసలో. ఒక్క కాగితం రాయండి. శ్మశానం, దారి, పట్టా భూమి. 1989 అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు ఎక్కడ ఆగింది? రాష్ట్రంలో నూటికి 17 మందిమి, 2013 సబ్‌ప్లాన్ చట్టం ప్రకారం మన వంతు డబ్బు మన పేట దాకా ఎంత వచ్చింది? అన్ని పార్టీల వాళ్లూ పేటకే రావాలి, అందరి ముందూ ఆ కాగితానికి జవాబు చెప్పాలి. ఓట్ల బేరాన్ని ఏ ఒక్క పెద్దమనిషి చేతిలోనూ పెట్టకండి. ఐదేళ్లకి అదే కాగితం మళ్లీ చదవండి. సర్పంచ్ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవు, అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇది కుదిరే పనేనా అంటారా? దండోరా చూడండి. 1994 జూలైలో మొదలైంది, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు దాకా ముప్పై ఏళ్లు ఒకే కోరిక పట్టుకుంది. వర్గీకరణ మీద మన పేటల్లోనే రెండు మాటలున్నాయి, ఆ తగువు ఇక్కడ తేల్చను. పద్ధతి చూడండి. ముందు కోరిక, తర్వాత పార్టీ. అందుకే అన్ని పార్టీలూ వాళ్ల మాట వినాల్సొచ్చింది.

పాత పార్టీలో ఉండడం తప్పు కాదు. పోవడం తప్పు కాదు. అడక్కుండా ఉండడం, అడక్కుండా పోవడం తప్పు. టీ కొట్టు దగ్గర ఆ మాట మారాలి. "ఆ పేట ఓట్లు ఎటు పోతాయో తెలీదు, ముందు అక్కడికే పదండి" అనాలి వాళ్లు. అనిపించే పని మనది.

జై భీమ్.