చెవికొలత ఇయర్‌ఫోనులు



మన దేశమున ఆడుబిడ్డ చెవికి జరుగు మర్యాద మఱి యే యవయవమునకును జరుగదేమో! పసితనముననే చెవులు కుట్టింతుము. పిదప పోగులు, కమ్మలు, దుద్దులు, బుట్టలు, మాటీలు అని యంచెలంచెలుగా అలంకరింతుము. కాని యీ గౌరవమంతయు వెలుపలి తమ్మెకే చెల్లుచున్నది. లోపల నుండి రేయుంబవలు పనిచేయు వినికిడి యను ధనమును గూర్చి, అది తఱుగువఱకు మనము విచారింపము. ఈ మాసమున ఆ లోపలి చెవికి సంబంధించిన యొక వస్తువును గూర్చి ముచ్చటింపదలచితిని. ఒక్కొక్కరి చెవి యచ్చు తీసి, ఆ కొలతకే చేసి యిచ్చు ఇయర్‌ఫోనులే యవి. నేను వీనిని చేయించుకొని మూడు వారములైనది. ఇవి వట్టి విలాసమా, లేక గృహిణికి నిజముగా నుపకరించునవియా యని యీ పుటలలో విచారింతము.

పాట వినుట మన యిండ్లలో మొదట అందఱికిని కలిసిన పని. 1938లో మద్రాసు రేడియోకేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ఆరంభమైన కాలమున, రేడియోపెట్టె గల యింట అది ముందు చావడిలో నుండెడిది. ఏమి వినవలయునో పెద్దలు నిర్ణయించెడివారు. వంటయింటి యిల్లాలు పోపు చప్పుడు నడుమ గోడకీవల నుండి వినగలిగినంత వినెడిది. 1979లో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మన్ అను చేతి యంత్రమును విడుదల చేసిన పిదప పాట యొక్కొక్కరి సొంతము కాజొచ్చినది. నేడు సెల్‌ఫోను పుణ్యమా యని ఎవరి పాట వారి చెవిలోనే యున్నది.

చెవిలో నిముడు సాధనము మాత్రము మనమనుకొనునంత క్రొత్తది కాదు. 1891లోనే మెర్కాడియే యను ఫ్రెంచి యింజనీరు, టెలిఫోను మాటలు వినుటకై చెవిరంధ్రమున నుంచుకొను జోడు శ్రవణయంత్రమునకు పేటెంటు పొందెను. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ అనునాతడు తలకు తగిలించుకొను హెడ్‌ఫోనులను తన వంటయింటిలోనే తయారుచేసి నౌకాదళమున కిచ్చెను. వంటయిల్లు శాస్త్రమునకు దూరము కాదని మనము సంతోషింపవచ్చును. ఇక చెవి యచ్చున చేయు నేటి రకము 1995 ప్రాంతమున పేరు పొందినది. రాక్ సంగీత బృందమున డ్రమ్ములు వాయించు అలెక్స్ వాన్ హేలెన్ కొఱకు, ధ్వని నిపుణుడగు జెర్రీ హార్వీ వీనిని చేసెను. వేదికమీది పెను రొదలో తన బృందపు సంగీతము తనకు తెలియుటకై ఆ వాద్యకారుడు వీనిని కోరెను. కావున వెలుపలి రొదను ఆపుటయే వీని మొదటి ధర్మము. ఈ సంగతి గుర్తుంచుకొనిన, తక్కిన విషయము సులభముగా బోధపడును.

అంగడిలో దొరకు ఇయర్‌ఫోనులకును వీనికిని భేదమేమని యడుగుదురా? కుట్టి వ్రేలాడదీసిన రవికకును, కొలత యిచ్చి కుట్టించుకొన్న రవికకును గల భేదమే. చెవిరంధ్రము తిన్నని గొట్టము కాదు. సుమారు 25 మిల్లీమీటర్ల పొడవున రెండు వంపులు తిరిగి లోనికి పోవును. ఒకరి చెవి వంటిది మఱియొకరికి లేదు. ఒకే మనుష్యుని కుడియెడమ చెవులకు సైతము పోలిక చాలదు. అంగడి వస్తువునకు చిన్నది, నడిమిది, పెద్దది యని మూడు కొలతల రబ్బరు తొడుగులే యుండును. ఆ మూటిలో నేదియు సరిపడని చెవులు చాల కలవు.

అచ్చు తీయు విధము చెప్పెదను. వినికిడి పరీక్షలు చేయు ఆడియాలజిస్టు మొదట దీపముగల సాధనముతో చెవిలోనికి చూచి, గుబిలి యడ్డుగా నున్నదా, కర్ణభేరి క్షేమముగా నున్నదా యని పరీక్షించును. తరువాత దారము కట్టిన చిన్న దూదియుండను రెండవ వంపు దాటించి యుంచును. కర్ణభేరికి కాపలా యిదియే. అటుపై మెత్తని సిలికాను ముద్దను సిరంజితో చెవినిండ నింపును. ఆ క్షణమున లోకమంతయు మూగవోయినట్లుండును. ముద్ద చల్లగా తగులును, నొప్పి యుండదు. అది గట్టిపడువఱకు, అయిదు నిమిషములకు అటునిటుగా, పండ్ల నడుమ చిన్న దిమ్మె నుంచుకొని నోరు తెఱచి కూర్చుండవలయును. దవడ కదలినప్పుడు చెవిరంధ్రపు ఆకారము మాఱును గనుక ఈ జాగ్రత్త. పిదప దారముతో మెల్లగా బయటికి తీయుదురు. ఆ యచ్చును కంప్యూటరుతో చిత్రించి, త్రీడీ ప్రింటరుపై రెసిన్ గుల్లను తయారుచేసి, అందు చిన్న చిన్న ధ్వనియంత్రముల నమర్తురు. ఇట్టి పెక్కింటిలో నమర్చు మిక్కిలి చిన్న యంత్రములు మొదట చెవిటివారి వినికిడి మెషీన్ల కొఱకు పుట్టినవే.

అచ్చు తీయు గదిలో నాకు ముందు కూర్చున్నది డెబ్బది దాటిన యొక పెద్దమ్మగారు. నా వెనుక నిరువదియేండ్లైన నిండని యొక చిన్నవాడు. వారిరువురును వచ్చినది వినికిడి మెషీను కొఱకు. ఒకే కుర్చీ, ఒకే సిలికాను, ఒకే దారపుటుండ. ఉన్న వినికిడిని కాపాడుకొనదలచిన వారికిని, పోయిన వినికిడిని వెదకుకొనుచు వచ్చిన వారికిని ఆ గదిలో జరుగు పని యొక్కటియే. ఆ చిన్నవానికి లోపమెందువలన వచ్చినదో అడుగుట మర్యాద కాదు గనుక అడుగలేదు. కాని యింటనున్న పిల్లలు తలంపునకు రాకపోలేదు.

ఇక వాడుక సంగతి. మొదటి దినమున నాకు సుఖము తోచలేదు. క్రొత్త గాజులు తొడిగించుకొన్నట్లు చెవి బిగువుగా నుండెను. త్రిప్పి లోనికి నెమ్మదిగా జొనుపు మెలకువ తెలియుటకు రెండు దినములు పట్టినది. వీనిని పెట్టుకొని మాటాడిన, నా గొంతు నాకే కుండలో నుండి వచ్చినట్లు వినబడెను. అప్పడము నమలిన కఱకఱ తలయంతయు నిండెను. రంధ్రము మూయబడుటచే, దవడయెముక గుండ వచ్చు కదలిక బయటికి పోవు దారి లేక లోపలనే మ్రోగును. ఇది దోషము కాదు, సరిగా కుదిరినదనుటకు సాక్ష్యము. మూడవ దినమునకు బిగువు తెలియకపోయెను.

నాలుగవ దినమున మధ్యాహ్నము ఈమని శంకరశాస్త్రిగారి వీణ వింటిని. పైన పంకా తిరుగుచుండెను, ప్రక్కయింట మిక్సీ మొఱయుచుండెను. ఆ రెండును దూరపు గుసగుసలవలె తగ్గినవి. తంత్రి మీటిన పిదప ఆ నాదము సన్నగిలుచు సన్నగిలుచు ఎచ్చట కఱవగునో అచ్చటివఱకు వినబడినది. వ్రేలు మెట్లపై జరుగు సవ్వడియు తెలిసినది. ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. పూర్వము అంగడి ఇయర్‌ఫోనులతో ఆ వీణనే వినునపుడు సెల్‌ఫోనులో ధ్వనిని ముప్పాతిక వఱకు పెంచవలసివచ్చెడిది. ఇప్పుడు మూడవవంతు చాలినది. వెలుపలి రొదను ఇవి సుమారు 25 డెసిబెళ్లవఱకు తగ్గించునని తయారుచేయువారు చెప్పుదురు. రొద తగ్గినచోట పాట అఱవనక్కఱలేదు. ఈ వస్తువు యొక్క విలువ యంతయు నిందే యున్నది.

తక్కువ ధ్వనితో వినుట యెందుకు ముఖ్యమో లెక్క చూడుడు. సాధారణ సంభాషణము 60 డెసిబెళ్లు. వంటయింటి మిక్సీ తఱచు 80ని దాటును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ప్రకారము 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు 75 డెసిబెళ్లే మేర. పైన 3 డెసిబెళ్లు పెరిగినకొలది కాలము సగమగుచుండును. అనగా 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. 90 డెసిబెళ్లైనచో వారమంతటికిని 4 గంటలే! నెలజీతమువలె ఇది చెవికి వారపు బత్తెము. బస్సులో రొదను మించవలెనని ధ్వని పెంచు పిల్లవాడు వారపు బత్తెమును రెండు దినములలో ఖర్చు చేయుచున్నాడు.

ఖర్చైనది మరల రాదు. లోపలి చెవిలో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు సుమారు 15,000 మాత్రమే యుండును. కోళ్లకు ఈ కణములు నశించిన తిరిగి మొలచునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మనుష్యునకు మొలవవు. ఈ నష్టము నొప్పి లేకుండ వచ్చును. మొదట హెచ్చు స్థాయి ధ్వనులు పోవును. స, శ వంటి యక్షరములు స్పష్టముగా తెలియవు. పెండ్లిపందిరిలో ఎదుటివారి మాట యర్థము కాదు. పాట ఆపిన పిదప చెవిలో గింగురుమను మ్రోత యుండుట మొదటి హెచ్చరిక. పిల్లలు "ఏమిటమ్మా?" యని మాటిమాటికి నడుగుచున్న, పరధ్యానమని కసరుటకు ముందు చెవుల పరీక్ష చేయింపుడు.

గుణములు చెప్పితిని, దోషములును చెప్పవలయును. వీని వెల వేలలో నుండును, మేలైన వానికి లక్ష రూపాయలును దాటును. ఒకరివి మఱియొకరికి పనికిరావు. అక్క రవిక చెల్లెలికి దిగినట్లు ఇవి దిగవు. ఎదుగు పిల్లల చెవులు మాఱుచుండును గనుక వారికి చేయించుట వ్యర్థము. పెద్దలకును శరీరము మిక్కిలి చిక్కినను బలిసినను బిగువు తప్పవచ్చును. చెవి కాఱుచున్నవారు, చెవిపోటు గలవారు వైద్యునకు చూపక పెట్టుకొనరాదు. వాడిన పిదప పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టవలయును. గుబిలి తీయుటకై పుల్లలును పిన్నులును చెవిలో పెట్టరాదు. గుబిలి తనంత తానే వెలుపలికి వచ్చును, పుల్ల దానిని లోనికి నెట్టును.

అన్నింటికంటె పెద్ద ప్రమాదము వీని మంచిగుణముననే యున్నది. మిక్సీ మొఱను ఆపినది ఉయ్యాలలోని బిడ్డ యేడ్పును కూడ ఆపును. కుక్కరు కూత, తలుపు తట్టుట, వెనుకనుండి వచ్చు లారీ హారను, ఏదియు చెవిని బడదు. కావున పొయ్యి వెలుగుచుండగా, పసిబిడ్డ మీ యొక్కరి కాపుదలలో నుండగా, వీథిలో నడుచునపుడు, స్కూటరు నడపునపుడు వీనిని ముట్టరాదు. రైలుప్రయాణమునకును, ఇంట తీఱిక వేళకును ఇవి తగియున్నవి.

ఇంటిలోని మర్యాద సంగతి యొకటి కలదు. మా యత్తగారు మొదటివారము, "ఏమమ్మా, రెండుమార్లు పిలిచితిని. చెవిటివాని ముందు శంఖమూదినట్లున్నది" అనిరి. ఆమె మాటలో న్యాయము కలదు. చెప్పక చెవులు మూసికొన్న, పెద్దలకు అలక్ష్యముగా తోచును. నాటినుండి "అత్తయ్యగారూ, రెండు మొదలు మూడువఱకు నేను వీణ విందును. పని యున్న భుజము తట్టుడు" అని చెప్పి కూర్చుందును. చిక్కు తీఱినది. ఇంటిల్లిపాది పిలుపులకును దినమంతయు పలుకు ఇల్లాలికి ఒక్క గంట తన చెవి తనదిగా నుండుట దోషము కాదు. అయితే ఆ గంటను దొంగచాటున గాక, చెప్పి తీసికొనుట గౌరవము. ఈ నియమము భోజనపు పీటమీద సైతము ఇయర్‌ఫోనులు తీయని కుమారులకును భర్తలకును సమానముగా వర్తించును.

ఇంత వెల పెట్టజాలని వారు చింతింపనక్కఱలేదు. అంగడి ఇయర్‌ఫోనులకే మెత్తని ఫోము తొడుగులు కొద్ది వెలకు దొరకును. వానిని వ్రేళ్లతో నలిపి సన్నపఱచి చెవిలో నుంచిన, మెల్లగా విచ్చి రంధ్రమును నింపును. కుదిరినదో లేదో తెలియుటకు మృదంగము వినుడు. ఎడమవైపు గుమికి నిండుగా వినబడిన చక్కగా కుదిరినట్లు. అది లేక పలుచగా, కీచుగా నున్నచో గాలి చొఱబడుచున్నదని యెఱుగుడు. అప్పుడు మార్చవలసినది తొడుగు. ధ్వని పెంచుట కాదు. సెల్‌ఫోనులో ధ్వని నూటికి 60వ పాలు దాటకుండ చూచుకొనుడు. పెక్కు సెల్‌ఫోనులలో వారమున నెంత ధ్వని వింటిమో చూపు లెక్కయు నున్నది. ఆదివారమున పిల్లలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఆ లెక్క చూచుట, పాలలెక్క చూచుటవలె అలవాటు చేసికొనుడు.

వస్తువు కొనుట కొనకపోవుట మీ యాదాయమునుబట్టి యుండును. నియమము మాత్రము అన్ని యిండ్లకు నొక్కటియే. చెవిని చక్కగా మూసి మెల్లగా వినుడు, గంటకొకమాఱు తీసి చెవికి విశ్రాంతి నిండు. ఇట్లు కాపాడుకొన్నవారు మనుమల ముద్దుమాటలు వినువేళకు తమ చెవులను తామే మెచ్చుకొందురు.