గుడ్డు పెట్టే కోడి కార్జాన్ని కాపాడుకుందాం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చితో పాటు లేయర్ కోళ్ల షెడ్డు నడుపుకునే రైతులున్నారు. మిర్చి ధర కుప్పకూలి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది గుడ్ల మీద వచ్చే నాలుగు డబ్బులే ఇంటిని నిలబెడతాయి. ఆ డబ్బులకూ గండి కొడుతున్న జబ్బు గురించి ఈ నెల మాట్లాడుకోవాలి.

నిన్నటిదాకా బాగా గుడ్డు పెట్టిన, బరువుగా ఉన్న కోడి తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. తురాయి పాలిపోతుంది. కోసి చూస్తే పొట్ట నిండా కొవ్వు, పట్టుకుంటే చిదిరిపోయే పసుపు రంగు కార్జం, పక్కనే గడ్డకట్టిన నెత్తురు. ఇది కొవ్వు కాలేయ జబ్బు. ఎండాకాలంలో ఎక్కువ. అంటురోగం కాదు కాబట్టి టీకాలు, యాంటీబయాటిక్‌లు దీనికి పనిచేయవు.

కారణం దాణాలో ఉంది. ఒక గుడ్డు సొనలో సుమారు 5 గ్రాముల కొవ్వు ఉంటుంది. దాన్ని తయారుచేసి సొనకు పంపేది కార్జమే. పంపడానికి కోలిన్, మెథియోనిన్, విటమిన్ బి12 కావాలి. అవి చాలకపోతే కొవ్వు అక్కడే పేరుకుంటుంది. మొక్కజొన్న ఎక్కువై, కేజ్‌లో కదలిక లేకపోతే మరీ తొందరగా పేరుకుంటుంది. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అదే కార్జాన్ని దెబ్బతీస్తుంది. మన దగ్గర చౌకగా దొరుకుతుందని పత్తి చెక్క కలిపితే అందులోని గాసిపోల్ కూడా చేటే. సొన రంగు సైతం చెడుతుంది.

కాబట్టి వారం వారం కొన్ని కోళ్లను తూచి, ఆ జాతికి చెప్పిన బరువుతో పోల్చుకోవాలి. బరువు మించితే మొక్కజొన్న కొంత తగ్గించి నూనె తీసిన తవుడు కలపాలి. తడి ఆరని, బూజు వాసన వచ్చే గింజ కొనకూడదు. 60 శాతం కోలిన్ క్లోరైడ్ పొడిని టన్ను దాణాకు కిలో వరకు వేయవచ్చు. అది తేమ పీల్చి విటమిన్లను పాడుచేస్తుంది గనుక విటమిన్ మిశ్రమంలో ముందుగా కలిపి నిల్వ ఉంచకూడదు. మెథియోనిన్, విటమిన్ ఇ, సెలీనియం మోతాదులు పశువైద్యుడిని అడిగే వేయాలి. సెలీనియం ఎక్కువైతే విషమే.

మిర్చి తోటకు ఏ మందు కొట్టాలో అప్పిచ్చిన కొట్టువాడే చెప్పే పద్ధతి మన రైతుల్ని ఎంత ముంచిందో అందరికీ తెలుసు. ఇప్పుడు కోళ్ల షెడ్డుకూ అదే దారిలో ‘లివర్ టానిక్’ సీసాలు వస్తున్నాయి. లోపల ఏముందో, ఎంతుందో రాసి లేని సీసా మనకెందుకు? చనిపోయిన కోడికి పోస్టుమార్టం చేయించకుండా మందు కొనవద్దని సభ్యుల్ని కోరుతున్నాం.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడు. దాణా, టానిక్‌ల మీద కోలిన్, మెథియోనిన్ ఎంత శాతమో తెలుగులో ముద్రించాలి. రైతు సేవా కేంద్రాల్లో దాణా నమూనాలు తీసుకుని, ఆ లోడు అయిపోయేలోపే ఉచితంగా ఫలితం చెప్పాలి. గన్నవరం పశువైద్య కళాశాల నిపుణులతో ఎండలు ముదరకముందే మండలాల్లో సభలు పెట్టించాలి.

గుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలో మొదటి వరుసలో ఉందని చెప్పుకునే పాలకులకు ఈ మూడూ పెద్ద ఖర్చు కాదు. మండల కమిటీలు ఈ నెలలోనే వినతిపత్రాలు ఇవ్వాలి.