తెరకు ముందు గది కొలత

కొనకనమిట్ల, మార్కాపురం ప్రాంతాలలో టీవీ కొనే కుటుంబాలు తెర పరిమాణం కంటే ముందు గది పొడవు చూసుకోవడం మేలు. అంగుళాల లెక్క తెర వెడల్పుకు కాక ఒక మూల నుంచి ఎదుటి మూలకు గల దూరానికి చెప్పేది గనుక, 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లే అయినా, చూసేవారు ఆరేడు అడుగుల దూరంలో కూర్చోగలగాలి. మట్టితో పేర్చిన పాత రాతిగోడల్లో మరలు గట్టిగా పట్టవు కాబట్టి, అక్కడ బల్లపై నిలపడమే క్షేమం. నెలవారీ చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు, అంటే 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారాలు అందుకునే గొడుగుకు, ఇక్కడ ఆగ్నేయపు ఆకాశం తెరిపిగా ఉండాలి. గుబురు వేపకొమ్మ అడ్డొచ్చినా బొమ్మ చెదురుతుంది. పెద్ద తెరకు పెట్టదలచిన అదనపు సొమ్మును, కరెంటు హెచ్చుతగ్గులను సర్దే స్టెబిలైజరుకూ సరైన ఎర్తింగుకూ మళ్లించడమే వివేకం.