తెర మీద తీగ.. అడవిలో తీగ

పాల్వంచలో 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్‌ టవర్లు చూస్తుండగానే కుప్పకూలాయి. కొత్తగూడెం థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం పాత ప్లాంటువి అవి. దశాబ్దాలపాటు ఆ ఊరికి ఆనవాళ్లుగా నిలిచిన వాటిని పేలుడు పదార్థాలు పెట్టి క్షణాల్లో నేలమట్టం చేశారు. నిజానికి అక్కడి 720 మెగావాట్ల పాత యూనిట్లు అంతకు నాలుగేళ్ల ముందే, 2020లోనే కరెంటు తీయడం మానేశాయి. ఇంజినీర్ల కంప్యూటర్‌ తెర మీద అలాంటి ప్లాంటును తప్పించడానికి పేలుడు పదార్థాలేవీ అక్కర్లేదు. జనరేటరు బొమ్మ మీద మౌస్‌తో రెండుసార్లు నొక్కాలి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో ‘సర్వీసులో ఉంది’ అన్నచోట టిక్కు తీసేయాలి. అంతే!

ఇంత సులువా అనుకుంటున్నారా? టిక్కు తీయడం సులువే. తీయాల్సిన రోజున గుర్తుపెట్టుకుని తీయడమే కష్టం. మరిచిపోతే ఎంత ముప్పో ఈవారం చూద్దాం.

బస్సంటే ఆర్టీసీ బస్సు కాదు

ఇల్లు కట్టేముందు ప్లాను గీయించుకుంటాం కదా. కరెంటు వ్యవస్థకూ అలాంటి ప్లానే ఒకటి ఉంటుంది. పేరు సింగిల్‌ లైన్‌ డయాగ్రమ్‌. మూడు ఫేజులనూ ఒకే గీతగా చూపిస్తారు కాబట్టి ఆ పేరు. అందులో జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్లు, బ్రేకర్లు, లోడ్లు.. ఒక్కోదానికీ ఒక్కో బొమ్మ. ఇవన్నీ వచ్చి కలిసే చోటును ‘బస్‌’ అంటారు. భద్రాచలం వెళ్లే ఆర్టీసీ బస్సు కాదండోయ్‌! సబ్‌స్టేషన్లో అనేక తీగలు వచ్చి కలిసే లావుపాటి లోహపు కడ్డీ.

పీఎస్‌ఎస్‌-ఈ, ఈటాప్‌, పవర్‌ఫ్యాక్టరీ, బెంగళూరులో తయారైన మైపవర్‌.. ఈ సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ బొమ్మ వెనక అంకెల పట్టిక ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరయితే సామర్థ్యం, వోల్టేజీ, ట్యాప్‌ స్థానం. లైనయితే పొడవు, తీగ మందం, నిరోధం. ఆ అంకెలతోనే సాఫ్ట్‌వేర్‌ లెక్క కడుతుంది. ఈ లైను ఆగితే కరెంటు ఏ దారిన పోతుంది? ఆ దారి బరువు మోస్తుందా? ఎక్కడ వోల్టేజీ పడిపోతుంది? జవాబులన్నీ క్షణాల్లో వస్తాయి. అయితే మనం ఇచ్చిన అంకె నిజమా కాదా అని మాత్రం అది అడగదు.

గడి మారింది.. తీగ మారలేదు

ఖమ్మం అడవుల అంచున జరిగిన సంగతే తీసుకోండి. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జలవిద్యుత్‌ కేంద్రం ఉంది. 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. 1970ల్లో కట్టినప్పటి నుంచీ అది ఖమ్మం జిల్లాదే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ముంపు పేరుతో చింతూరు సహా ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దాంతో సీలేరు కేంద్రమూ అటు వెళ్లింది. ఎంత రగడ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది.

మరి నమూనాలో ఏం మారాలి? చాలా సాఫ్ట్‌వేర్లలో ప్రతి బస్‌కూ ‘ఏ ప్రాంతం’, ‘ఎవరి ఆస్తి’ అని గడులుంటాయి. మారాల్సినవి అవే. ఏ రాష్ట్రం ఎంత ఇచ్చింది, ఎంత తీసుకుంది అన్న పద్దులు వాటిమీదే నడుస్తాయి. కానీ తీగ పొడవు మారలేదు. నిరోధం మారలేదు. కొండ దిగిన నీళ్లకు సరిహద్దు తెలియనట్టే తీగలో పారే కరెంటుకూ తెలియదు. అంటే కొన్ని మార్పులు కాగితం మీది పద్దును మారుస్తాయి. కొన్ని మార్పులు కరెంటు దారినే మారుస్తాయి. ఏది ఏదో తెలిసినవాడే మంచి ఇంజినీరు.

34కు బదులు 55 అని ఉంటే?

రెండో రకానికి చిన్న ఉదాహరణ. అడవిలో చివరి గూడేనికి 20 కిలోమీటర్ల 11 కేవీ లైను వెళ్తోందనుకుందాం. చివర లోడు 30 ఆంపియర్లు. స్తంభాల మీద ఉన్నది 34 చదరపు మిల్లీమీటర్ల కండక్టరు. కానీ నమూనాలో ఎవరో 55 అని రాశారు. 55 రకం తీగకు కిలోమీటరుకు నిరోధం సుమారు 0.55 ఓమ్‌లు. సన్నని 34 రకానికి సుమారు 0.9.

పవర్‌ ఫ్యాక్టర్‌ 0.9 అనుకుని లెక్క కడితే, తెర మీద చివరి స్తంభం దగ్గర వోల్టేజీ ఆరు శాతం చిల్లర పడిపోయినట్టు కనిపిస్తుంది. అడవిలో మాత్రం తొమ్మిది దాటుతుంది. ఇలాంటి లైన్లలో తొమ్మిది శాతానికి మించి తగ్గకూడదన్నది ఏనాటి నుంచో ఉన్న నిబంధన. అంటే ఒక్క గడి తేడాతో ‘తప్పు’ కాస్తా ‘ఒప్పు’ అయిపోయింది! తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. గూడెంలో మాత్రం బల్బు గుడ్డిదీపంలా వెలుగుతుంది, మోటారు మూలిగి కాలిపోతుంది. ఫిర్యాదు చేస్తే ‘లెక్క ప్రకారం సరిగ్గానే ఉందే’ అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు, అబద్ధం గడిలో ఉంది.

ఇంకో చిక్కూ ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లలో తీగ రకాలకు ఒక గ్రంథాలయం ఉంటుంది. ఆ రకం పట్టికలో అంకె మారిస్తే ఆ రకం వాడిన లైన్లన్నీ ఒక్కసారే మారిపోవచ్చు. పిండిలో ఉప్పేస్తే అన్ని దోసెలకూ పడుతుంది, పెనం మీద దోసెపై కారం చల్లితే దానికొక్కదానికే. పిండిని ముట్టుకునే ముందు ఆలోచించాలి. అందుకే అనుభవజ్ఞులు పాత ఫైలు నకలు తీసి పెట్టుకున్నాకే మార్పులు మొదలుపెడతారు. ఏ రోజు, ఏ అంకె, ఎందుకు మార్చారో పక్కన రాసుకుంటారు.

భోజనానికి వెళ్లొచ్చేసరికి

చిన్న పొరపాటు ఎంత దూరం పోగలదో 2003 ఆగస్టు 14న అమెరికా చూసింది. గ్రిడ్‌ పరిస్థితిని నిమిషాల మీద అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌ ఒకటి మధ్య పశ్చిమ రాష్ట్రాల పర్యవేక్షణ కేంద్రంలో నడుస్తోంది. ఆ మధ్యాహ్నం ఇండియానాలో ఒక 230 కేవీ లైను ఆగిపోయింది. నమూనాలో మాత్రం అది పనిచేస్తున్నట్టే ఉంది. లెక్క కుదరలేదు. నిపుణుడొకరు సాఫ్ట్‌వేర్‌ దానంతటదే నడవకుండా ఆపి, తప్పు పట్టుకుని, లైను స్థితిని సరిచేశాడు. అంతా బాగుందనుకుని భోజనానికి వెళ్లాడు. ఆపిన దాన్ని మళ్లీ నడిపించడం మరిచిపోయాడు!

అది గమనించి నడిపిస్తే, ఈసారి ఒహాయోలో ఆగిన మరో లైను నమూనాలో మారలేదు. మళ్లీ లెక్క తప్పింది. అన్నీ సరిచేసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అప్పటికే గ్రిడ్‌ కూలిపోవడం మొదలైంది. అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. కారణాలు ఇంకా ఉన్నాయి. ఒక విద్యుత్‌ సంస్థలో హెచ్చరిక గంటలు మోగించే సాఫ్ట్‌వేర్‌ మూగబోయింది. వేలాడిన లైన్లు కింద పెరిగిన చెట్లకు తగిలాయి.

ఆ చెట్ల సంగతి ముఖ్యం. సాఫ్ట్‌వేర్లో జనరేటరుకు బొమ్మ ఉంది, లోడుకు బొమ్మ ఉంది. చెట్టుకు లేదు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలో లైను వెంట నడిచే లైన్‌మన్‌ చూపే దానికి దిక్కు. స్తంభం మీదున్నది ఏ కండక్టరో, ట్యాప్‌ ఏ స్థానంలో ఉందో చూసి చెప్పాల్సిందీ ఆయనే. ఆయన చీటీ మీద రాసిన అంకె ఆఫీసులో గడిలోకి చేరినప్పుడే ఆ నమూనాకు విలువ.

ఇది మన గూడెం గొడవేలే అని సరిపెట్టుకోవడానికీ లేదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు మనకు దీపాలు ఆరలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్‌ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్‌ లైనుతో కలిసింది. ఆ కలయికతో అవసరానికి ఆదుకునే చేతులు పెరిగాయి, ఒకరి పొరపాటు ఇంకొకరికి తగిలే దారులూ పెరిగాయి.

మీ ఇల్లూ ఒక బొమ్మే

ఇదంతా ఇంజినీర్ల తలనొప్పి అనుకోకండి. ఆ చిత్రంలో ‘లోడు’ అన్న బొమ్మలో మీ ఇల్లూ ఉంది. మీటరు పెట్టించుకున్న రోజున నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ అని చెప్పి ఒక కిలోవాటు రాయించి ఉంటారు. ఆ తర్వాత ఫ్రిజ్‌ వచ్చింది, గీజరు వచ్చింది, మొన్న ఎండాకాలం ఏసీ వచ్చింది. రికార్డులో మాత్రం ఇంకా ఒక కిలోవాటే! వీధిలో పది ఇళ్లలో ఒక్కో ఏసీ కిలోవాటున్నర చొప్పున లాగితే 15 కిలోవాట్లు అదనం. పాతిక కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు అప్పటికే నిండుగా ఉంటే ఏం చేస్తుంది? ఢామ్మంటుంది. అప్పుడు అందరం కలిసి కరెంటోళ్లను తిడతాం.

డాబా మీద సౌర పలకలు పెట్టించుకున్నారా? అయితే మీ బొమ్మ ఇంకా మారిపోయింది. పగలు మీరు వాడేవారే కాదు, ఇచ్చేవారు కూడా. ఆ సంగతీ గడిలోకి ఎక్కాలి.

ఇంజినీరింగ్‌ చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఓపెన్‌డీఎస్‌ఎస్‌ అనే సాఫ్ట్‌వేర్‌ ఉచితంగా దొరుకుతుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ ఇంటిదాకా ఒక చిన్న నమూనా తయారుచేయమనండి. ట్రాన్స్‌ఫార్మరు మీద రాసిన కేవీఏ చూసి రావడానికి వాళ్లెలాగూ వీధిలోకి వెళ్లాలి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఈలోగా మీరు కరెంటు బిల్లు తీసి, అందులో మీ లోడు ఎంతని రాసి ఉందో ఒకసారి చూడండి. తక్కువుంటే పెంచమని దరఖాస్తు ఇవ్వండి. మీ గడిని సరిచేయాల్సింది మీరే.