ఊరెళ్లే ముందు వానపాముల సంగతి

మా పెదనాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. టౌన్‌షిప్ క్వార్టరు ఖాళీ చేసి, దుర్గ్ వైపు డ్రైనేజీ లేని ఓ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. సెప్టిక్ ట్యాంకు వద్దనుకుని వానపాముల మరుగుదొడ్డి పెట్టించారు. కట్టినవాళ్లు చెప్పింది ఒక్కటే: "ఇక దీని సంగతి మర్చిపోండి." ఆయన మర్చిపోయారు. మే నెలలో ఇంటిల్లిపాదీ శ్రీకాకుళం వెళ్లి, నెల తర్వాత వచ్చి మూత తీస్తే ఒక్క వానపామూ లేదు.

ఈ మరుగుదొడ్డి మంచిదే. మర్చిపోండి అనడమే తప్పు.

ఇది పనిచేసే తీరు తేలికే. నీళ్లు పోయగానే మలం ఓ తొట్టిలోకి చేరుతుంది. అందులో అడుగున కంకర, పైన కొబ్బరిపీచు లేదా చెక్కపొట్టు, ఆ పైన వానపాములు. నీరు వడగట్టుకుని నేలలోకి ఇంకిపోతుంది, ఘనపదార్థాన్ని వానపాములు తింటాయి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు, పుణెకు చెందిన ప్రైమూవ్ సంస్థ మన దేశంలో ఇళ్ల దగ్గర పరీక్షించిన 'టైగర్ టాయిలెట్' ఈ రకమే. ఒంటిమీద చారలుండే ఐసీనియా ఫెటిడా అనే వానపామును బట్టి ఆ పేరు. తొట్టి నిండటానికి ఏళ్లు పడుతుంది. దిగేది విసర్జితాల ఎరువు కనుక, తీయడం కూడా పచ్చి మలం ఎత్తడంలా ఉండదు.

అయితే ఆ వానపాము చల్లదనం కోరుకునే జీవి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 35 దాటితే బతకడం కష్టం. భిలాయిలో మే నెల ఎండ 44 డిగ్రీలకు వెళ్తుంది. మరి ఇక్కడ ఎలా సాధ్యం? జవాబు నేలలోనే ఉంది. పగలూ రాత్రీ ఉష్ణోగ్రతలో వచ్చే హెచ్చుతగ్గులు మట్టిలో ప్రతి 10–15 సెంటీమీటర్లకూ దాదాపు మూడోవంతుకు పడిపోతాయి. అర మీటరు లోతుకు వెళ్లేసరికి నాలుగు శాతం కూడా మిగలవు. అంటే నేలలో పాతిన తొట్టి మధ్యాహ్నపు ఎండను పట్టించుకోదు. నేలపైన డాబా పక్కన పెట్టిన నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము మాత్రం మండిపోతుంది. పెదనాన్న ఇంట్లో ఉన్నది డ్రమ్మే. మన దేశపు పెరియోనిక్స్ వానపాము వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, కానీ దానికీ నీడా తడీ కావాలి. నెల్లాళ్లు ఎవరూ లేని ఇంట్లో తిండీ లేదు, నీరూ లేదు, పైగా ఎండ. మూడూ ఒకేసారి కలిశాయి.

వానాకాలం తంటా వేరు. చత్తీస్‌గఢ్ మైదానంలోని నల్ల బంకమట్టి, అక్కడివాళ్లు కన్హార్ అంటారు, తడిస్తే నీటిని ఇంకనివ్వదు. తొట్టిలో నీరు నిలుస్తుంది. చర్మంతో ఊపిరి తీసే వానపాములకు ఆక్సిజన్ అందక గోడలెక్కుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే గాలి ఆడటం లేదని అర్థం. కళ్లు మండే ఘాటు వాసన అయితే అమ్మోనియా. మొదటిదానికి నీటికి దారి చేసి పొడి పీచు వేయాలి, రెండోదానికి పీచు కలిపి గాలి ఆడనివ్వాలి. బాత్రూం కడిగే యాసిడ్, ఫినాయిలు అసలు పోయకూడదు. ఒక్క పండగ రోజు శుభ్రత చాలు, మొత్తం చావడానికి.

ఇదంతా ఎవరు నేర్పాలి? స్వచ్ఛ భారత్ కింద ఇంటి మరుగుదొడ్డికి ఇచ్చే 12,000 రూపాయలు కట్టడానికే. కట్టాక ఏడాదికి రెండుసార్లు వచ్చి మూత తీసి చూసే మనిషికి పైసా లేదు. వానపాములు చచ్చిన తొట్టి మళ్లీ మామూలు గుంతే. అది నిండితే పచ్చి మలం ఎత్తడానికి ఎవరినో పిలుస్తారు. ఆ పనికి మనుషుల్ని దింపకూడదని 2013లో చట్టం చేసుకున్నాం. అందుకే కట్టడం ఖర్చులోనే రెండేళ్ల పర్యవేక్షణ కలపాలని నా వాదన. ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. బ్లాస్ట్ ఫర్నేసు కట్టి, షిఫ్టు మనుషుల్ని పెట్టకుండా వదిలేస్తామా? భిలాయిలో ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది.

పెదనాన్న ఈ ఏడాది తొట్టిని నేలలో పాతించారు, మీద గోనెసంచి కప్పారు. మేలో ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, రోజూ సాయంత్రం రెండు చెంబుల నీళ్లు పోయమన్నారు. వారానికోసారి కూరగాయల తొక్కలూ వేయమన్నారు. జూన్‌లో మూత తీస్తే పీచు కింద ఎర్రటి గుత్తులు కదులుతూ కనబడ్డాయి.