సంతకం ఇద్దరిదీ

జనవరి వచ్చిందంటే అమెరికాలో పన్నుల కాలం మొదలైనట్టే. ఏప్రిల్ 15 గడువు. కంపెనీ ఇచ్చిన డబ్ల్యూ-2 కాగితం ముందేసుకుని మనవాళ్లు లెక్కలు చూసుకునే ఈ రోజుల్లోనే, ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఉన్న భార్యకు ఫోన్ వస్తుంది. "నీ పాస్‌పోర్టు కావాలి. ఒక కాగితం పంపిస్తా, సంతకం పెట్టి పంపు." ఎందుకని ఆమె పెద్దగా అడగదు. ఆయనా వివరంగా చెప్పడు. దాచాలని ఏమీ లేదు. కన్సల్టెంటు చెప్పినంత వరకే ఆయనకూ తెలుసు.

ఆ కాగితం వెనుక ఉన్న సంగతి మాత్రం ఆమెకు తెలియాల్సిందే. భార్య ఇండియాలో ఉన్నంత మాత్రాన భర్త అక్కడ 'సింగిల్' అని రాయడానికి లేదు. పిల్లలు ఇక్కడ బడికి పోతుంటే 'ఇంటిపెద్ద' హోదా కూడా రాదు. ఆ హోదాకు అర్హులైన పిల్లలు ఏడాదిలో సగానికి పైగా ఆయన ఇంట్లోనే ఉండాలి. ఇక మిగిలేవి రెండు దారులు. విడిగా దాఖలు చేస్తే 2025 ఆదాయం మీద దక్కే ప్రామాణిక మినహాయింపు 15,750 డాలర్లు. భార్య నంబరు రాయాల్సిన గడిలో 'ఎన్ఆర్ఏ' (నివాసి కాని విదేశీయురాలు) అని మూడక్షరాలు వేస్తారు. ఉమ్మడిగా దాఖలు చేస్తే మినహాయింపు 31,500 డాలర్లు, పన్ను శ్లాబులూ వెసులుబాటుగా ఉంటాయి. భార్యకు సంపాదన లేని ఇంటికి రెండో దారే లాభమన్నది చాలావరకు నిజం.

అయితే ఆ దారికి ఒక షరతుంది. అమెరికా నేల మీద అడుగు పెట్టని భార్యను కూడా పన్ను విషయంలో అమెరికా నివాసిగానే లెక్కించమని కోరే ప్రకటన మీద దంపతులిద్దరూ సంతకం చేసి, దాన్ని మొదటి ఏడాది రిటర్నుతో జతపరచాలి. ఆమెకు ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు కోసం డబ్ల్యూ-7 దరఖాస్తు పెట్టాలి. దానికి అసలు పాస్‌పోర్టు గానీ, జారీ చేసిన ఆఫీసు ధ్రువీకరించిన నకలు గానీ కావాలి. వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి అసలు పాస్‌పోర్టు టెక్సాస్‌లోని ఆస్టిన్‌ పన్నుల ఆఫీసుకు వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండిపోతే ఆ ఇంట్లో ఎంత కంగారో ఊహించవచ్చు. పాస్‌పోర్టును అక్కడికక్కడే చూసి ధ్రువీకరించే అధీకృత ఏజెంట్లు ఉన్నారు. ముందుగా అడిగి తెలుసుకుంటే ఈ ఒక్క బాధైనా తప్పుతుంది.

అసలు బరువు ఆ సంతకంలో ఉంది. ఉమ్మడి రిటర్నులో తేడా వస్తే పన్నుకు, వడ్డీకి, జరిమానాకు ఇద్దరూ బాధ్యులే. పైగా ఆ రిటర్ను ఏ ఏడాదిదో ఆ ఏడాది మొదలుకొని ఆమె ఇక్కడి ఆదాయం కూడా అక్కడి లెక్కలోకి వస్తుంది. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ, ఇంటి అద్దె, నిమ్మతోట కౌలు అన్నీ చూపించాలి. వ్యవసాయ ఆదాయానికి మన చట్టం ఇచ్చిన మినహాయింపు అమెరికా చట్టంలో లేదు. మామూలు ఏడాదిలో ఇది చిన్న మొత్తమే, ఉమ్మడి మినహాయింపు ముందు నిలవదు. కానీ పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు ఆమె అమ్మిన ఏడాదిని తీసుకోండి. ఆ పొలం ఆత్మకూరు పురపాలక సంఘానికి దూరంగా ఏ మర్రిపాడు పల్లెలోనో ఉంటే, గ్రామీణ వ్యవసాయ భూమి కాబట్టి ఇక్కడ మూలధన లాభం పన్ను పడదు. ఉమ్మడి దారి ఎంచుకున్న పాపానికి అదే లాభం అక్కడ పన్ను కిందికి వస్తుంది. పొలం ఆమెది, అమ్మకం ఆమెది, లెక్క మాత్రం ఆమెకు తెలియకుండా డాలస్‌లో తేలుతుంది. ఇది న్యాయంగా లేదు. ఆ ఏడాదికి వద్దనుకుని ఉమ్మడి ఎంపికను రద్దు చేసుకుంటే, ఆ దంపతులకు ఆ అవకాశం మళ్లీ ఎన్నటికీ రాదు. కాబట్టి పొలం అమ్మే ఆలోచన ఏమైనా ఉందా అని మొదటి సంతకానికి ముందే ఆమెను అడగాలి.

కువైట్‌లోనో దుబాయ్‌లోనో కష్టపడే భర్తల ఇళ్లలో భయం వేరు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు, రిటర్ను లేదు. మన దేశంలో భార్యాభర్తలకు ఉమ్మడి రిటర్ను అనేదే లేదు. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారతీయులను ఇక్కడి నివాసులుగా పరిగణిస్తామని 2020 బడ్జెట్‌లో అన్నప్పుడు గల్ఫ్ కుటుంబాలు హడలిపోయాయి. నిజాయతీగా అక్కడ పనిచేసుకునేవారి జీతం జోలికి రామని ఆ ఫిబ్రవరి 2న కేంద్రం వివరణ ఇచ్చింది. అయినా ఆ గుబులు ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు.

భర్త పంపిన సొమ్ము భార్య చేతికి వస్తే దాని మీద పన్ను లేదు. ఆ సొమ్మును ఆమె పేరిట డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం చట్టం దృష్టిలో భర్త ఆదాయమే. దీన్నే క్లబ్బింగ్ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త చట్టంలోనూ ఇది ఉంది. వేరుగా బతకాలని దంపతులు ఒప్పందం చేసుకుంటే ఈ నిబంధన వర్తించదు. పొట్టకూటి కోసం ఏళ్ల తరబడి వేరుగా ఉంటున్నవారికి మాత్రం వర్తిస్తుంది. విడిపోయినవాళ్లను గుర్తించిన చట్టం, విడిపోకుండానే దూరమైనవాళ్ల కోసం ఒక్క వాక్యమైనా రాయలేదన్నది మనసుకు కష్టం కలిగించే విషయమే.

ధైర్యం చెప్పే లెక్క కూడా ఒకటుంది. ఇరవై లక్షలు ఏడు శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి వడ్డీ లక్షా నలభై వేలు. ఇక్కడి కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల దాకా పన్ను లేదు. భర్తకు ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే, క్లబ్బింగ్ జరిగినా ఆ ఇంటికి పైసా పన్ను పడదు. అదే సొమ్మును ఆయన ప్రవాసుల కోసం ఉండే తన ఎన్ఆర్ఈ ఖాతాలోనే ఉంచితే వడ్డీకి అసలు పన్నే లేదు, దగ్గరి బంధువుగా భార్య పేరు ఆ ఖాతాలో చేర్చుకోవచ్చు. ఈ మాత్రం సంగతి బ్యాంకు కౌంటరులో తెలుగులో చెప్పేవారుంటే ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పుతాయో.

అమెరికాలోని తెలుగు సంఘాలు పన్నుల కాలంలో అవగాహన సదస్సులు పెట్టడం మంచి అలవాటు. అవి అక్కడ ఉద్యోగం చేసేవారి కోసం, అక్కడి వేళల్లో జరుగుతాయి. ఒక్క సదస్సైనా ఇక్కడి భార్యలు కూడా కూర్చుని వినేలా, ప్రశ్నలు అడిగేలా పెట్టాలని ఆ సంఘాలను కోరుతున్నాం. మార్చి రెండో వారం దాటాక డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే ఆత్మకూరులో ఆదివారం ఉదయం ఏడు గంటలు. ఏప్రిల్ 15కు ఇంకా వారాలు మిగిలే ఉంటాయి.