సగటు వానతో కదిరి కరువును కొలవలేం

2021 నవంబరు 15న కెనడాలోని మెరిట్ అనే చిన్న ఊరిని మొత్తంగా ఖాళీ చేయించారు. దాదాపు ఏడు వేల మంది కట్టుబట్టలతో కదిలారు. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చిన మేఘాల పట్టీ రెండు రోజులు ఏకధాటిగా కురిసి, కోల్డ్‌వాటర్ నదిని వీధుల్లోకి తెచ్చింది. వాంకూవర్ నుంచి దేశం లోపలికి వెళ్లే రోడ్లు, రైలు మార్గాలు తెగిపోయాయి. మెరిట్ నిజానికి వానల ఊరు కాదు. కొండల వెనక వానచాటున ఉన్న మెట్టప్రాంతం. అదే ఏడాది జూన్ 29న అక్కడికి దగ్గరలోని లిటన్‌లో 49.6 డిగ్రీల ఎండ కాసింది. మర్నాడు ఆ ఊరు మంటల్లో కాలిపోయింది.

మెరిట్ మునిగిన నాలుగు రోజులకు, నవంబరు 19న, వాయుగుండం తమిళనాడు తీరం దాటి రాయలసీమ మీదికి వచ్చింది. చిత్రావతి నది వరదలో చిక్కుకున్న వాళ్లను వైమానిక దళం హెలికాప్టర్‌తో పైకి లాగాల్సి వచ్చింది. ఆ రాత్రి కదిరిలో కడుతున్న భవనం ఒకటి పక్క ఇళ్ల మీద కూలింది. పసిపిల్లలతో సహా పలువురు చనిపోయారు. కదిరి కూడా వానచాటు ఊరే.

ఇంత దూరంలో ఉన్న రెండు ఊళ్లను ఒకచోట చెప్పడానికి కారణం ఉంది. విశాలమైన దేశానికి ఒకే వాతావరణం ఉండదని కెనడా చాలాకాలం కిందటే నేర్చుకుంది. వాంకూవర్‌లో శీతాకాలమంతా వాన. కొండలు దాటి తూర్పున ప్రెయిరీ మైదానాల్లోకి వెళ్తే ఏడాదికి 300 నుంచి 400 మిల్లీమీటర్లే. మన దగ్గర కూడా శ్రీకాకుళం వాన వేరు, కదిరి వాన వేరు. వాతావరణ శాఖ ఆంధ్రప్రదేశ్‌ను కోస్తా, రాయలసీమ అని రెండు ఉపవిభాగాలుగా చూస్తుంది. ఆ తేడా నిజమైనదే గానీ, చాలదు. తిరుమల కొండల్లో కురిసే వానకూ కదిరి పక్కనున్న తలుపుల మండలం చేలల్లో పడే వానకూ పోలికేముంది? రెండూ రాయలసీమే మరి.

నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కురిసి, నీరు తీసేసిన గాలిగా ఇటు దిగుతాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి నెల్లూరు, చిత్తూరుల మీద వాన దించి, కదిరికి చేరేసరికి బలం కోల్పోతాయి. కదిరి ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. జూన్‌లో ఊరించే వాన జులైలో ముఖం చాటేస్తుంది. ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. పుబ్బ, ఉత్తర కార్తెల మీదే ఇక్కడి రైతు ఆశంతా.

పంట శెనక్కాయ. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఇరవై లక్షల ఎకరాలకు అటూఇటూగా ఇదే పంట ఉండేది. నాలుగు నెలలకు కాస్త తక్కువ కాలం పెరిగే పంట. దుక్కి పదును చిక్కగానే విత్తుతారు. నెల తిరిగేసరికి పూత, ఆ తరవాత ఊడలు నేలలోకి దిగుతాయి. ఊడ దిగే వేళ పైనేల గట్టిపడితే లోపలికి పోదు. దిగిన ఊడకు తడి అందకపోతే కాయ ఊరదు, లొట్టకాయ మిగులుతుంది. కదిరి చుట్టూ ఎర్రనేల, లోతు తక్కువ, గరుసు ఎక్కువ. పెద్ద వాన పడినా ఆ తడి వారం పది రోజులకు మించి నిలవదు. అందుకే ఇక్కడ రైతు వాన ఎంత పడిందని అడగడు. బెట్ట ఎన్నాళ్లు పట్టిందని అడుగుతాడు.

ప్రభుత్వ లెక్క మాత్రం సీజను మొత్తం వాన మీద నడుస్తుంది. సాధారణం కన్నా 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా వాతావరణ శాఖ దాన్ని సాధారణ వర్షపాతమనే అంటుంది. గంగా మైదానంలోని ఒండ్రు నేలకు ఆ గీటు సరిపోవచ్చు. కదిరిలో ఏమవుతుందో చూడండి. జూన్‌లో మంచి వాన పడి విత్తారనుకుందాం. ఊడలు దిగే నెలంతా చినుకు లేదు. చేను వాడి, ఆకు ముడుచుకుని, చివరికి పశువులకు వదిలేశారు. సెప్టెంబరు ఆఖర్లో అల్పపీడనం వచ్చి మూడు రోజుల్లో 120 మిల్లీమీటర్లు కురిసి పోయింది. సీజను మొత్తం చూస్తే లోటు కనిపించదు. ఆ మండలం కరువు జాబితాలోకి ఎక్కడం కష్టమే. పెట్టుబడి రాయితీ లేదు, అప్పు రీషెడ్యూలు లేదు. చేలో పంటా లేదు.

దీనికి పరిష్కారం కాగితం మీద ఇప్పటికే ఉంది. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్ వర్షలోటుతో పాటు డ్రై స్పెల్‌ను, అంటే మన బెట్టను, ఒక కొలమానంగా గుర్తించింది. వరసగా మూడు నాలుగు వారాలు వాన లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. దాన్ని వాడే తీరులోనే లోపముంది. కదిరి వానలు ఎక్కువగా ఉరుముల వానలు. ఒక చేను తడిసి గట్టుకు అవతలి చేను ఎండుతుంది. మండలమంతటికీ ఉన్న కొద్దిపాటి వానమాపకాలు తడిస్తే చాలు, కాగితం మీద ఊళ్లన్నీ తడిసినట్టే.

2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నిటిలో అతి తక్కువ వాన పడిన నెల. ఆ ఏడాది రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు, అదీ ఖరీఫ్ చేజారిపోయాక. బెట్ట మొదలైన మూడో వారంలోనే అధికారులు చేలల్లోకి వచ్చి ఉంటే, నీళ్లున్న చోట ఒక తడి ఇచ్చో, మిగతా చోట ఉలవ వంటి ప్రత్యామ్నాయ విత్తనం అందించో కొంతమందినైనా నిలబెట్టేవారు. 2016 ఆగస్టులో రెయిన్‌గన్లతో శెనక్కాయను కాపాడాలని ప్రయత్నించినప్పుడు, ఆ గన్లు వచ్చినా వాటికి నీళ్లు అందించే కుంటలు చాలా ఊళ్లలో నిండి లేవు. బెట్టను ఎదుర్కోవడానికి ఏర్పాట్లు బెట్ట పట్టాక మొదలుపెడితే ఇంతే.

ప్రెయిరీల కథ ఇక్కడ పనికొస్తుంది. 1857 నుంచి 1860 దాకా జాన్ పల్లిసర్ ఆ ప్రాంతాన్ని సర్వే చేసి, దక్షిణ ప్రెయిరీలో ఒక త్రికోణం సేద్యానికి పనికిరాదని రాశాడు. తరవాత కొన్నేళ్లు వానలు బాగా పడ్డాయి. ఆయన మాట మరిచిపోయి వేల కుటుంబాలు అక్కడ గోధుమ వేశాయి. 1930లలో వరసగా కరువులొచ్చి పైమట్టి దుమ్మై లేచిపోయింది. అప్పుడు, 1935లో, కెనడా ప్రభుత్వం ఆ పొడి ప్రాంతం కోసమే ప్రత్యేక సంస్థను పెట్టింది. పేరు ప్రెయిరీ ఫామ్ రిహాబిలిటేషన్ అడ్మినిస్ట్రేషన్. పొలాల్లో నీటి గుంతలు తవ్వించింది, గాలికి అడ్డంగా చెట్ల వరసలు పెట్టించింది, సాగుకు పనికిరాని నేలను ఉమ్మడి మేత బీళ్లుగా మార్చింది. ప్రభుత్వాలు ఎన్ని మారినా డెబ్బై ఏళ్లకు పైగా ఆ సంస్థ పనిచేసింది. అక్కడ మంచు కరిగి వసంతంలో నేలకు తొలి తడి ఇస్తుంది. కదిరికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఇక్కడ అలాంటి సంస్థ అవసరం ఇంకా ఎక్కువ.

అనంతపురానికి పథకాలు రాలేదని కాదు. కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం 1970ల నుంచి నడిచింది. 2010 దశకం మొదట్లో ఐసీఏఆర్ నిపుణుల సిఫార్సులతో ‘ప్రాజెక్ట్ అనంత’ అన్నారు, అది వెనకబడిపోయింది. ఒక ప్రభుత్వం తవ్వించిన కుంటలో పూడిక తీయడం తరవాతి ప్రభుత్వానికి పని కాలేదు.

అయినా చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఈ నేల బెట్టనే పాఠంగా తీసుకుంది. 1978లో కదిరి-3, 2000 దశకంలో దేశమంతా పాకిన కదిరి-6, ఇటీవల కదిరి లేపాక్షి, ఇలా రకం తరవాత రకం ఇచ్చింది. చెన్నేకొత్తపల్లి వైపు 1990లో బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ కొర్ర, సామ వంటి చిరుధాన్యాలను మళ్లీ చేలల్లోకి తెచ్చి రైతుల సహకార సంఘం ద్వారా అమ్మిస్తోంది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు గొల్లపల్లి జలాశయం దాటి కదిరి దగ్గరి చెర్లోపల్లి జలాశయం దాకా వచ్చాయి. ఆ నీటిని కొద్దిమంది వరి మడులకు పారించే కన్నా, ఊడలు దిగే వేళ ఎక్కువ చేలకు ఒక్క తడి అందేలా చెరువులకు, కుంటలకు మళ్లించడమే న్యాయం. ఒక తడితో ఒక ఎకరం శెనక్కాయ నిలబడుతుంది. ఈ మాట నీటిపారుదల ఇంజనీర్లు కదిరి రైతుల నోట విని లెక్క వేయాలి.

అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర ఒక వానమాపకం ఉండాలి. రోజూ ఉదయం దాని కొలత బోర్డు మీద రాయాలి, దాని పక్కనే బెట్ట ఎన్నో రోజుకు చేరిందో కూడా రాయాలి. ఇరవై ఒకటో రోజున మండల వ్యవసాయాధికారి పై నుంచి ఉత్తర్వు కోసం చూడకుండా చేలు తిరిగి నివేదిక పంపాలి. కరువు ప్రకటనకూ, బీమాకూ ఆ గ్రామం లెక్కే ఆధారం కావాలి. అల్పపీడనం వచ్చే అక్టోబరు, నవంబరు నెలలకు అదే బోర్డు మీద కదిరి పక్కన పారే మద్దిలేరు పొంగే ప్రమాదమూ రాయవచ్చు. కదిరి ఇప్పుడున్న శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కొత్త జిల్లా కాబట్టి ఈ కొలతను మొదటగా తనే మొదలుపెట్టగలదు, వచ్చే మృగశిర కార్తె లోపలే.